నిచ్చెన మీద కోడలు

దసరాకు ఊళ్ళన్నీ తిరిగి వచ్చిన సీరియల్ లైట్ల దండలు వరండా నిండా కుప్పలుగా పడి ఉన్నాయి. జనార్దనయ్య పీట వేసుకుని కూర్చుని, ఒక్కో దండా చిక్కు విప్పి, ప్లగ్గులో పెట్టి, వెలగని బల్బును వేలితో తట్టి చూస్తున్నాడు. ఆత్మకూరులో ఆయన్ని అందరూ లైటింగ్ జనార్దనయ్య అంటారు. పెళ్ళికైనా, గుడి ఉత్సవానికైనా, ఏఎస్ పేట దర్గాలో గంధం పండగకైనా, క్రిస్మస్‌కు చర్చికైనా ఆయన కట్టిన లైట్లు ఉండాల్సిందే.

వంటింట్లోంచి దోసె వాసనతో పాటు కామాక్షమ్మ గొంతు కూడా వచ్చింది.

"చేతులు కడుక్కోని రాండి. ఆరిపోయినాక తిని, తోలు మాదిరి ఉండాదని నన్నే అంటారు."

"ఒక్క దండ చూసి వస్తా."

"మీ ఒక్క దండ సంగతి నాకు తెలీదా? పెళ్ళైన కాడ్నించీ వింటానే ఉండాను."

జనార్దనయ్య నవ్వుకున్నాడు కానీ లేవలేదు. పక్కనే స్టూలు మీద ఫోను పెట్టుకుని ఉన్నాడు. మాటిమాటికీ దానివంకే చూస్తున్నాడు. రేపు దీపావళి. కెనడాలో సస్కటూన్ అనే ఊళ్ళో ఉన్న కూతురు మేఘన ఈ పొద్దున ఫోన్ చేస్తానంది. మనకు పొద్దున అంటే వాళ్ళకు ముందు రోజు రాత్రి మొదలవుతుంటుంది. ఆ ఊరి హిందూ దేవాలయానికి పండగ లైటింగ్ పని మేఘనకు వచ్చింది. అంత పెద్ద పని ఆ పిల్లకు రావడం అదే మొదటిసారి. అందుకని ఆయన తన చేత్తో ఒక బోర్డుకు కావలసిన బల్బులన్నీ కట్టి పార్సిల్ పంపించాడు. తామరపువ్వులో లక్ష్మీదేవి, అటూ ఇటూ రెండు ఏనుగులు. స్విచ్ వేస్తే ఏనుగులు తొండాలు ఎత్తుతూ దించుతూ ఉంటాయి. ఫోన్ చేసేటప్పటికి దాన్ని అక్కడ వెలిగించి చూస్తారు.

గేటు చప్పుడైంది. తల ఎత్తి చూసి జనార్దనయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు.

వియ్యంకుడు మాలకొండయ్య, వియ్యపురాలు పెంచలమ్మ. ఫోనైనా చేయకుండా ఉదయగిరి నుంచి తొలి బస్సుకే వచ్చేశారు. మాలకొండయ్య కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నిదానంగా నడుస్తున్నాడు. పెంచలమ్మ మాత్రం నలుగురిని దాటుకుని వచ్చినట్టు వచ్చింది.

"రాండి చెల్లెమ్మా, రా బావా! ఒక మాట ఫోన్లో చెప్పుంటే బస్టాండుకు వచ్చుందును కదా."

"ఫోన్లో చెప్పేది కాదులే అన్నా" అంది పెంచలమ్మ. చేతి సంచిలోంచి కాగితం పొట్లం తీసి, అప్పుడే బయటికొచ్చిన కామాక్షమ్మ చేతిలో పెట్టింది. "తీసుకో వదినా. ఉదయగిరి చెక్క గరిటెలు. కొట్లాడేదానికి వచ్చినాను, అట్టని వట్టి చేతుల్తో వస్తే బాగుండదని తెచ్చినా."

కామాక్షమ్మ ఒక్క క్షణం పొట్లం వైపు, ఒక్క క్షణం ఆమె మొహం వైపు చూసింది.

"సరే వదినా, కొట్లాడుకుందాం. ముందు దోసె తినండి."

"నేను తినను. ఆయన తింటాడు."

మాలకొండయ్య అప్పటికే కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

అందరూ హాల్లో కూర్చున్నాక పెంచలమ్మ ఫోను తీసి టేబుల్ మీద పెట్టింది. అందులో ఒక వీడియో ఆడుతోంది. రెండంతస్తుల చెక్క ఇల్లు. దాని చూరుకు ఆనించిన నిచ్చెన. నిచ్చెన మీద పసుప్పచ్చ కోటు వేసుకుని, చూరు పొడుగునా లైట్లు తగిలిస్తున్న మేఘన. కింద ఉన్ని టోపీ పెట్టుకుని, నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని నిలబడిన ఆమె మొగుడు మణిదీప్.

"ఇది వాళ్ళ ఇల్లు కాదు" అంది పెంచలమ్మ. "ఎవురిదో. ఎవురింటికో పోయి లైట్లు కడతా ఉండాది నా కోడలు. నాకెట్టా తెలిసిందో తెలుసునా? మా ఈయన స్టేటస్‌లో పెట్టినాడు! ఊరంతా చూసినారు. చివరాఖరికి చూసింది నేనే. పాలకు పోతే ఆ కొట్టామె అంటాది, 'ఏమక్కా, మీ కోడలు ఆడ లైట్లు కట్టేదానికి కూలికి పోతా ఉండాదంటనే' అని. నా తల యాడ పెట్టుకోవాల అన్నా?"

"బాగుండాదని పెట్టినాను" అన్నాడు మాలకొండయ్య, దోసె తుంచుతూ.

"నువ్వు గమ్మునుండు. ఆ పిల్ల కట్టేది అట్ట పోనీ, కింద ఎవురు నిలబడుండారో చూడు. నా కొడుకు! కంప్యూటర్ల ఆఫీసులో పదిమందికి పైన ఉండేవాడు నిచ్చెన పట్టుకోని నిలబడుండాడు."

"పట్టుకోకపోతే పడిపోద్ది కదమే."

"గమ్మునుండమన్నానా!"

జనార్దనయ్య చిన్నగా దగ్గాడు. ఆయనకు ఇదేమీ కొత్త సంగతి కాదు. మేఘన నెల్లూరులో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ ఆ పిల్లదే. కానీ అంతకంటే ముందే, బడికి పోయే రోజుల్లోనే ఈ వరండాలో తండ్రి పక్కన కూర్చుని బల్బులకు తీగలు చుట్టడం నేర్చుకుంది. పెళ్ళై కెనడా పోయాక చదువుకు తగిన ఉద్యోగం వెంటనే దొరకలేదు. అక్కడ క్రిస్మస్‌కు ఇంటింటికీ లైట్లు కట్టిపోయే మనుషులుంటారు. వాళ్ళను చూసి, మన పండగలకు మనవాళ్ళ ఇళ్ళకు నేను ఎందుకు కట్టకూడదు అనుకుంది. మొదటి దీపావళికి వాళ్ళ బాల్కనీకి కట్టింది. అది చూసి ఒక గుజరాతీ కుటుంబం పిలిచింది. వాళ్ళను చూసి ఇంకో పంజాబీ వాళ్ళు పిలిచారు. వినాయక చవితి, దసరా, దీపావళి అంటూ శని ఆదివారాలు తీరిక లేకుండా అయిపోయింది.

"చెల్లెమ్మా, అది కూలి కాదు. ఆ దేశంలో పని అంటే..."

"దేశం సంగతి నాకొద్దు అన్నా. నేను ఉండేది ఉదయగిరిలో. ఫోన్ చేసి కోడలికే చెప్పినాను, మానెయ్యమ్మా అని. ఏం చెప్పిందో తెలుసునా? 'మా నాయన మానేయమంటే ఆ నిమిషమే మానేస్తా అత్తమ్మా' అనింది. ఎదురు మాట్లాడలా, బాగానే చెప్పింది. అందుకనే తొలి బస్సెక్కినా. నువ్వు ఆ ఒక్క మాట చెప్పు. నేను మధ్యాన్నం బస్సుకు పోతాను."

 కామాక్షమ్మ భర్త వైపు చూసింది. ఆ చూపు ఆయనకు అర్థమైంది. మనం పిల్లనిచ్చినవాళ్ళం. వాళ్ళు ఇంత దూరం వచ్చి అడిగితే కాదనడం ఎట్లా? కానీ ఔననడం మాత్రం ఎట్లా?

"రేపటి పండగ పోనీ చెల్లెమ్మా" అన్నాడు జనార్దనయ్య. "గుడి పని ఒప్పుకోనుండాది. బోర్డు కూడా ఆడికి పోయింది."

"ఏం బోర్డు?"

జనార్దనయ్య నాలుక కరుచుకున్నాడు.

"మన ఏనుగుల బోర్డు ఉండాది కదా... దానికి బల్బులు కట్టి పంపించినా."

పెంచలమ్మ కుర్చీలోంచి లేచింది.

"అంటే నువ్వే ఎగదోస్తా ఉండావా? నేను నాయనేదో బుద్ధి చెప్తాడని వస్తే, నాయనే సామాను కట్టి పంపిస్తా ఉండాడు! ఆడపిల్లను పెంచే పద్ధతేనా అన్నా ఇది?"

అంతవరకూ తగ్గి ఉన్న కామాక్షమ్మ చేతిలోని అట్లకాడ కింద పెట్టేసింది.

"వదినా, నన్నేమన్నా అను, పడతాను. నా బిడ్డ పెంపకం జోలికి రాబాక. మీ అబ్బికి జొరం వచ్చి ఆ చలి దేశంలో పది రోజులు మంచాన పడితే, రాత్రింబగళ్ళు కూర్చునింది ఎవురు? అప్పుడు నువ్వే అన్నావు, బంగారు కోడలని. నిచ్చెన ఎక్కితే ఆ బంగారం ఇత్తడైపోయిందా?"

"నేను అట్టన్నానా?"

"మరెట్టన్నావు?"

"కామాక్షీ!" జనార్దనయ్య చెయ్యెత్తి ఆపాడు. ఆయన గొంతు మెత్తబడిపోయింది. "గొడవొద్దు. చెల్లెమ్మా, నువ్వు కూర్చో. ఆ పిల్ల మీ ఇంటి పిల్ల. మీకు నచ్చని పని చేసి ఆ ఇంట్లో సుఖంగా ఉండలేదు. నేను చెప్తాను. ఈ రోజే చెప్తాను."

ఆ మాట అనేసరికి ఆయన కళ్ళు వరండాలో కుప్పగా పడున్న దండల మీదకు పోయాయి. ఆయనకు కొడుకులు లేరు. ఈ పని తనతోనే ఆగిపోతుందని ఏనాడో అనుకున్నాడు. ఎక్కడో పేరు పలకడానికి కూడా నోరు తిరగని ఊళ్ళో అది మళ్ళీ మొలకెత్తిందని మేఘన మొదటి వీడియో పంపినప్పుడు, ఎవరికీ చెప్పకుండా రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఫోను మోగింది. మేఘనే.

 జనార్దనయ్య అందరికీ కనపడేటట్టు ఫోను టేబుల్ మీద గరిటెల పొట్లానికి ఆనించి పెట్టి నొక్కాడు. చెవుల వరకూ టోపీ లాక్కున్న మేఘన మొహం వచ్చింది. చలికి ముక్కు ఎర్రగా ఉంది.

"నాయనా! ఏనుగులు..." ఏడుపొకటే తక్కువ. "చూడు నాయనా, ఏనుగులు ఎట్టుండాయో!"

ఫోను అవతలి వైపు తిప్పింది. గుడి ముఖద్వారం పైన చెక్క చట్రం నిలబెట్టి ఉంది. దాని మీద తామరపువ్వు, లక్ష్మీదేవి, ఏనుగులు అన్నీ ఉన్నాయి. ఉన్నాయంటే ఉన్నాయి. ఆరిపోబోయే బొగ్గుల మాదిరి ఎర్రగా, మసగ్గా కనపడీ కనపడకుండా ఉన్నాయి. తొండాలు లేస్తున్నాయో లేదో కూడా తెలియడం లేదు.

అంతలో వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"మేఘనా, పండగ సాయంత్రానికి జనం బోలెడు మంది వస్తారు. ఇంట్లో చేసుకున్న వస్తువులతో పెట్టుకోవద్దని కమిటీలో ముందే అన్నాను. షాపుకెళ్ళి నాలుగు తెల్ల లైట్ల డబ్బాలు తెచ్చి కట్టేయండి. ఇలాంటివి తెలిసినవాళ్ళకు ఇవ్వాలి కానీ, సరదాకి చేసేవాళ్ళకు ఇస్తే ఇంతే."

మేఘన ఫోనును గబుక్కున తన వైపు తిప్పుకుంది. 

పెంచలమ్మ ఒక్క అడుగులో టేబుల్ దగ్గరికొచ్చి ఫోను ముందుకు వంగింది.

"ఎవురామె?"

"అత్తమ్మా?" మేఘన ఉలిక్కిపడింది. "మీరు ఆత్మకూరులో ఉండారా?"

"నేను యాడుంటే నీకెందుకు? ఎవురామె అని అడుగుతా ఉండా. సరదాకి చేసేవాళ్ళంటనా! నా కోడలు ఇంజినీరు, నీకు తెలుసునా అని అడుగు. ఫోన్ ఆమెకియ్యి, నేనే అడుగుతా."

"అమ్మా, వద్దు!" అని మణిదీప్ గొంతు పక్కనుంచి కంగారుగా వచ్చింది. "ఆమె గుడి కమిటీ ప్రెసిడెంటు!"

"అయితే? అమ్మవారి గుళ్ళో నిలబడి మనిషిని అట్టనొచ్చా?"

దోసె నములుతున్న మాలకొండయ్యకు పొలమారింది. కామాక్షమ్మ మంచినీళ్ళిస్తూ నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది.

"అత్తమ్మా, ఆమె లోపలికి పోయింది. ఒక్క నిమిషం" అని మేఘన గొంతు సర్దుకుంది. "నాయనా, నిజం చెప్పు. నేను చెప్పినట్టే కట్టినావా? ఇక్కడ కరెంటు మన దాంట్లో సగమే ఉంటుందని, వరసకు బల్బులు సగమే వెయ్యాలని చెప్పినాను కదా."

"సగమే వేసినానమ్మా."

"సగమే?"

"సగమే... కాకపోతే..."

"కాకపోతే?"

జనార్దనయ్య తల గోక్కున్నాడు. "వరసకు నాలుగైదు జాస్తి వేసినా. భద్రంగా ఉంటుందని."

మాలకొండయ్య పకపకా నవ్వాడు. ఆయనకు వెంటనే తెలిసిపోయింది. ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు ఉన్నట్టుండి ఎగిసిపడుతుంది. అప్పుడు లెక్కకు సరిగ్గా కట్టిన దండలు భగ్గుమని మాడిపోతాయి. అందుకని జనార్దనయ్య ప్రతి వరసకూ కొన్ని బల్బులు ఎక్కువ వేస్తాడు. ఎగిసిపడిన కరెంటును అన్నీ పంచుకుంటాయి, దేనికీ ఏమీ కాదు. ఆయన దండలు ఏళ్ళ తరబడి ఉండడానికి కారణం అదే. ఈసారి పంపింది కూతురికి. అది కూడా నలుగురిలో పరువు దక్కాల్సిన పని. అందుకని ఇంకో రెండు కూడా వేశాడు. కానీ సస్కటూన్‌లో కరెంటు ఎగరదు, దూకదు. అక్కడ ఆ ఎక్కువ బల్బులు ఉన్న కాస్త కరెంటునూ పంచుకుని, అన్నిటినీ మసకబార్చేశాయి.

మేఘన నుదురు కొట్టుకుంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ భద్రమే నాయనా ఏనుగుల్ని ఆర్పేసింది! సరే, ఏం పర్లేదు. జాస్తి ఉండేవి కోసేసి, తీగ కలిపేస్తా. మణీ! నిచ్చెన ఈ పక్కకు జరుపు!"

"మొగుణ్ణి పేరు పెట్టి..." అని పెంచలమ్మ నోరు తెరిచింది కానీ, ఆ మాట సగంలోనే ఆగిపోయింది. మణిదీప్ ఫోను తీసుకుపోయి కారు ముందు భాగం మీద నిలబెట్టాడు. ఇప్పుడు ఫోన్లో గుడి ముఖద్వారం, నిచ్చెన, దాని మొదటి మెట్టు మీద కాలు పెట్టిన మేఘన, అంతా కనపడుతోంది.

"స్విచ్ తీసినావా అమ్మా?" మాలకొండయ్య గట్టిగా అడిగాడు.

"తీసినా మామా. ప్లగ్గు నా జేబులో ఉండాది."

"శభాష్."

మేఘన ఎక్కుతోంది. రెండు మెట్లు, మూడు మెట్లు. గాలికి ఆమె కోటు రెపరెపలాడుతోంది. పెంచలమ్మ పక్కనే ఉన్న కామాక్షమ్మ చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే కామాక్షమ్మ గాజులు నొక్కుకుపోయాయి. కింద మణిదీప్ కాలు మార్చుకునేసరికి నిచ్చెన ఒకింత కదిలింది.

"దిగమ్మా!" పెంచలమ్మ కేకకు వరండాలో పిచ్చుకలు ఎగిరిపోయాయి. "దిగు తల్లీ, దిగు! ఆ ఏనుగులు పోతే పోనీ! ఆమె ఏమన్నా అననీ! నువ్వు దిగు!"

ఆమె మొహం పాలిపోయి ఉంది. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి. జనార్దనయ్య దిమ్మెరపోయి చూశాడు. ఇంతవరకూ పరువని, పద్ధతని గట్టిగా మాట్లాడిన మనిషేనా ఈమె?

మాలకొండయ్య ప్లేటు పక్కన పెట్టాడు. కుంటుకుంటూ వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"నా కాలు ఎట్టా పోయిందని మీరెప్పుడూ అడగలేదు బావా" అన్నాడు నెమ్మదిగా. "గండిపాలెం దారిలో స్తంభం మీద పని చేస్తా ఉండాను. ఆ రోజు ఈమె నాకు అన్నం క్యారియర్ తెచ్చింది. కిందనే నిలబడుండాది. 'దిగి తిను' అని పిలిచింది. నేను తలొంచి చూసినా, పట్టు తప్పింది. ఈమె కళ్ళ ముందరే పడినాను."

పెంచలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"పిలిచింది నేనే. అందుకే పడినాడు" అంది. "కొట్టామె అనింది నిజమే అన్నా, సిగ్గేసింది కూడా నిజమే. కానీ నిద్ర పట్టనిది అందుక్కాదు. ఆ వీడియోలో నిచ్చెన మీద పిల్లను చూస్తే నాకు ఈయనే కనపడినాడు. భయంగా ఉండాదంటే ఎవురు వింటారు? పరువని అరిస్తే వింటారని అరిచినా."

 కామాక్షమ్మ నొప్పెడుతున్న చేతిని విడిపించుకోకుండా, రెండో చెయ్యి కూడా తెచ్చి పెంచలమ్మ చేతి మీద వేసింది.

"పిచ్చిదానా" అన్నాడు మాలకొండయ్య. "ఏళ్ళ తరబడి ఇది మోస్తా ఉండావా? నువ్వు పిలిచినందుకు నేను పడలా. నాకు నడుముకు బెల్టు లేదు, అందుకు పడినా. ఆ వీడియో నేనెందుకు స్టేటస్ పెట్టినాననుకున్నావు? అందరూ నిచ్చెన చూసినారు. నేను ఆ పిల్ల నడుము చూసినా. చెయ్యెత్తినప్పుడల్లా కోటు కింద కనపడింది, ఎంత మంచి బెల్టు కట్టుకోనుండాదో!"

ఫోన్లోంచి మేఘన గొంతు వచ్చింది. ఆ పిల్ల అంతా వింటూనే ఉంది.

"అత్తమ్మా, ఇటు చూడండి." నిచ్చెన మీదే పక్కకు తిరిగి కోటు ఎత్తింది. నడుముకు, భుజాలకు పట్టీలు. వాటికి తగిలించిన తాడు పైన ఇనుప దూలం వరకూ పోయింది. "ఇది కట్టుకోకుండా నేను ఒక్క మెట్టు ఎక్కను. ఇప్పుడు చెయ్యి వదిలేసినా పడను. చూడండి." రెండు చేతులూ గాల్లో చాపింది.

"వదలబాక! వదలబాక తల్లీ! చూసినాలే, పట్టుకో!" పెంచలమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తర్వాత వేళ్ళ సందుల్లోంచి చూసింది. తాడు గట్టిగానే ఉంది. పిల్ల పైనే ఉంది.

మేఘన మళ్ళీ నిచ్చెన పట్టుకుంది.

"అత్తమ్మా, మాటంటే మాటే. నాయన వద్దంటే మానేస్తానన్నాను. నాయనా, నువ్వే చెప్పు. దిగిపోమంటావా?"

జనార్దనయ్య వియ్యపురాలి వైపు చూశాడు. 

"ఆయన్నెందుకు అడిగేది?" పెంచలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని ముందుకు జరిగింది. "నన్నడుగు. బల్బులు జాస్తి వేసి పాడు చేసిన మనిషిని అడుగుతావా?"

"అయితే మీరే చెప్పండి అత్తమ్మా."

పెంచలమ్మ చాలాసేపు ఆ తాడునే చూసింది.

"నిచ్చెన ఎక్కే ముందు నాకు ఫోన్ చెయ్యాల. దిగినాక మళ్ళీ చెయ్యాల. నేను పొలంలో ఉన్నా, పూజలో ఉన్నా చెయ్యాల. నువ్వు దిగిందాకా నేను మంచినీళ్ళు కూడా తాగను, అది గుర్తు పెట్టుకోని బిన్నే దిగాల, ఆలస్యం చెయ్యబాక. ఇష్టమైతే చేసుకో."

"ఇష్టమే అత్తమ్మా" అంది మేఘన, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. 

"ఏడవబాక, కళ్ళు కనపడవు. పని చూడు. ఒరే మణీ, కాళ్ళు మార్చబాకరా! చలైతే చలి, గట్టిగా పట్టుకో!"

"పట్టుకోనే ఉండానమ్మా!" అన్నాడు మణిదీప్ కిందనుంచి.

ఇక అక్కడ కత్తెర చప్పుడు, ఇక్కడ పెనం చప్పుడు. మేఘన ఒక్కో వరస చివర ఎక్కువ బల్బులు కోసి, తీగలు కలిపి, ఖాళీ కనపడకుండా పక్క బల్బులను జరుపుతోంది. జనార్దనయ్య ఏ వరస ఎక్కడ మొదలవుతుందో ఫోన్లో చెబుతున్నాడు. "లక్ష్మీదేవి కిరీటంలో తియ్యబాకమ్మా, ఆడ కొంచెం మసగ్గా ఉంటేనే అందం" అంటే, "నాయనా, నీ అందం సంగతి ఇందాక చూసినాను" అని పైనుంచి జవాబు వచ్చింది. కామాక్షమ్మ వేడి దోసెలు తెచ్చి పెంచలమ్మ ఒళ్ళో ప్లేటు పెట్టింది. మేఘన ఒక పక్క ముగించి కిందికి దిగిందాకా పెంచలమ్మ ముట్టలేదు. దిగాక మాత్రం కళ్ళు ఫోను మీద నుంచి తీయకుండానే రెండు దోసెలు తినేసింది. మేఘన రెండో పక్క ఎక్కగానే మూడో దోసె ఆగిపోయింది.

"వదినా, చట్నీ బాగుండాది" అంది, మేఘన చివరిసారి కిందికి దిగాక. ఆ మాటకు కామాక్షమ్మకు ఎందుకో కళ్ళు చెమర్చాయి.

"నాయనా, ప్లగ్గు పెడతా ఉండా!" అంది మేఘన.

అందరూ ఫోను మీదకు వంగారు. అప్పటికి ఎండ నేరుగా హాల్లోకి వచ్చేసింది. ఫోను తెర మీద వెలుగు పడి, వాళ్ళ మొహాలే వాళ్ళకు కనపడుతున్నాయి తప్ప ఏనుగులు కనపడలేదు.

"వెలిగినాయా? ఏందిది, ఏమీ తెలీడం లేదే!" అన్నాడు జనార్దనయ్య.

"తలుపెయ్యండి!" అంది పెంచలమ్మ. "కిటికీలు కూడా!"

జనార్దనయ్య వీధి తలుపు వేశాడు. కామాక్షమ్మ కిటికీలు మూసింది. మాలకొండయ్య తన తుండు తీసి, వెలుతురు వస్తున్న వెంటిలేటర్‌కు అడ్డంగా కప్పాడు. ఇల్లంతా చీకటైంది. పట్టపగలు ఆ చీకట్లో నలుగురూ ఒకరి భుజం ఒకరికి ఆనుకుని కూర్చున్నారు.

ఫోన్లో బంగారు వెలుగు నిండిపోయింది. తామరపువ్వు రేకులు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. మధ్యలో అమ్మవారు నిండుగా నవ్వుతోంది. అటూ ఇటూ ఏనుగులు తొండాలు పైకెత్తాయి, దించాయి, మళ్ళీ ఎత్తాయి. ఆ వెలుగు నల్లటి ఆకాశం కింద గుడి మెట్ల మీద, కారు అద్దాల మీద, నిచ్చెన పక్కన నిలబడి టోపీలు తీసేసి పైకి చూస్తున్న మొగుడూ పెళ్ళాల మొహాల మీద పడుతోంది. గుడి తలుపు తెరుచుకుని ఎవరెవరో బయటికి వచ్చారు. తెల్ల లైట్లావిడ గొంతు "అబ్బ, మేఘనా!" అని వినిపించింది. 

 వెలుగుతూ ఆరుతూ ఉన్న ఆ కాంతిలో పెంచలమ్మ బుగ్గలు తడిగా మెరుస్తున్నాయి. జనార్దనయ్య తన కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

తలుపు మీద దబదబా చప్పుడైంది.

"కామాక్షక్కా! ఓ కామాక్షక్కా!" ఎదురింటి షరీఫా గొంతు అది. వీధిలోవాళ్ళ రవికెలన్నీ ఆమే కుడుతుంది. ఆమెకు తెలిసిన సంగతి మధ్యాహ్నానికల్లా ఆత్మకూరు సగం ఊరికి తెలుస్తుంది. "ఏందక్కా, పండగ ముందర పొద్దు పొద్దున్నే తలుపులు కిటికీలన్నీ వేసుకున్నారు? ఎవురికన్నా బాగలేదా?"

కామాక్షమ్మ లేవబోయింది. పెంచలమ్మ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి, తానే లేచి పోయింది. తలుపు ఒక మనిషి పట్టేంత మాత్రం తెరిచి, ఎన్నడూ చూడని ఆ షరీఫాను చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"బిన్నే రా అమ్మా, లోపలికి రా. ఇటొచ్చి ఈడ కూర్చో. అదో, ఆ ఫోన్లో చూడు. కెనడాలో గుడి అది. ఆ లైట్లన్నీ నా కోడలు కట్టింది. నిచ్చెనెక్కి తనే కట్టింది" అని, వెనక్కి తిరిగి తలుపు దగ్గరగా వేసింది. "చూసినాక నీ ఇష్టం, ఎవురికైనా చెప్పుకో."